ముత్తవ్వ ఎడమ పక్క

సూర్,
సెప్టెంబరు మొదటి వారం

బామ్మర్ది లింబాద్రికి,

మీ బావ మల్లేశం రాసేది. ఇక్కడ నేనూ మీ అక్కా బాగున్నాం. మస్కట్ వాడి కబీర్‌లో ఆ సైన్‌బోర్డుల వర్క్‌షాప్‌లో తమ్ముడు ఉడికిపోతున్నాడని రాజేశ్వరి రోజూ బాధపడుతుంది. నాకు అంత బాధ లేదు. నా ఆశంతా మీ వర్క్‌షాప్ మూలన పడేసే షీటు ముక్కల మీద.

ఫోన్ ఉండగా ఉత్తరమేంటని నవ్వకు. ఫోన్‌లో కొలతలు చెప్తే సరే సరే అని మరిచిపోతావు. గౌహర్ చేపల వ్యాన్ వారం వారం మస్కట్ వస్తుంది కదా, విరిగిన సామాను డబ్బాలో పెట్టి, దాని మీద ఈ కాగితం పెట్టి పంపుతున్నాను. గౌహర్ కూడా మా క్లబ్బువాడే. డబ్బా భద్రంగా తెస్తాడు.

పోయిన చలికాలం నువ్వు ఒక్కసారి వచ్చి చూశావు. బర్కా దగ్గర ఖర్జూర తోటలో సిమెంటు తొట్టి, మోకాలి లోతు నీళ్లు, గట్టు మీద కళ్లద్దాలు పెట్టుకుని రిమోట్లు పట్టుకున్న మా ముసలి పటాలం. మా యుద్ధనౌకలు నిలువెడు పొడుగు కూడా ఉండవు గానీ, గ్యాస్‌తో నిజంగానే స్టీలు గుండ్లు కొట్టుకుంటాయి. నిజంగానే చిల్లులు పడి మునుగుతాయి. ఆ రోజు నీకు నోరు మూతపడలేదు.

ఇప్పుడు సంగతేమంటే, ఆగస్టులో ఓడ పైసామానంతా కారులో మరిచిపోయాను. మిషను మీద ప్రింటు తీయించిన ప్లాస్టిక్ ఫిరంగులు వాడిన బెండకాయల్లా వంగిపోయాయి. మా అమ్మ పేరు పెట్టుకున్న ఓడ అది. ముత్తవ్వను ఆ అవతారంలో చూడలేకపోతున్నాను. చలికాలం ఆటలు మొదలయ్యేలోగా మంచి మందం అక్రిలిక్ పంపు. పాత సీజన్‌లో విరిగినవి కూడా పెట్టాను, కొలతలు వాటి నుంచి తీసుకో.

మీ బావ,
మల్లేశం


వాడి కబీర్,
సెప్టెంబరు చివర

బావకు నమస్తే,

డబ్బా అందింది. చేపల వాసన కూడా అందింది. మా మలయాళీ మేస్త్రీ ఈరోజు లంచ్ ఏమిటో కనుక్కుందామని రెండుసార్లు నా బల్ల చుట్టూ తిరిగిపోయాడు.

ఆ ప్రింటరు ప్లాస్టిక్ మన ఎండకు నిలవదు బావా. ఒకసారి మబేలాలో ఒక హోటలు బోర్డుకు అక్షరాలు దానితోనే చేసి బిగించాం. జూన్ వచ్చేసరికి హోటలు పేరు నేలచూపులు చూసింది. ఇక నువ్వు అక్రిలిక్ అడిగావు. నేను పంపను. అక్రిలిక్ గట్టిదే, కాని దానికి పంతం ఎక్కువ. దెబ్బ తగిలితే ఒంగదు, పగిలిపోతుంది. పాలీకార్బొనేట్ అని ఇంకో షీటు ఉంది. చూడడానికి రెండూ కవలల్లా ఉంటాయి. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి సుత్తితో కొట్టి చూశాను. అక్రిలిక్ ముక్కలు ఊడ్చి ఎత్తాల్సి వచ్చింది. రెండోదానికి సొట్ట పడిందంతే.

అందుకని ఫిరంగుల గూళ్లు, పై అంతస్తు, డెక్కు అన్నీ పాలీకార్బొనేట్‌తో కోశాను. గూళ్ల కింద అల్యూమినియం పట్టీలు వేశాను. ఫిరంగి గొట్టాలు పైకి కనపడేవే గనుక నైలాన్ రాడ్‌తో చేశాను. స్తంభం మొదట్లో రబ్బరు ట్యూబు పెట్టాను, దెబ్బ తగిలితే తలవంచి మళ్లీ లేస్తుంది. చుక్కాని కడ్డీ మాత్రం స్టీలు. ఆ తొట్టి నీళ్లు కాస్త ఉప్పన కదా, మామూలు ఇనుము ఒక్క సీజన్‌లో తినేస్తుంది. అది తిరిగేచోట ఇత్తడి బుష్ వేశాను. బలం కావాల్సిన చోట స్టీలు, ఓర్పు కావాల్సిన చోట నైలాన్. ఓడ పక్కలకు వేసే పల్చటి బాల్సా చెక్క జోలికి నేను పోలేదు, అది చిల్లులు పడడానికే ఉంది కదా.

బావా, ఒక మాట చెప్పనా. ఆ రోజు నీ ఆట చూసి నాకు మా అక్క పెళ్లి సంబంధం మీద తొలిసారి నమ్మకం కుదిరింది. అందరూ ఓడల్ని గిరగిరా తిప్పుకుంటుంటే నువ్వు ముత్తవ్వను ఎదుటికి తోలడం, గుండ్లు కొట్టడం, వెనక గేరులో అలాగే నీ దగ్గరికి తెచ్చుకోవడం. ఒక్కసారి కూడా ముఖం వెనక్కి తిప్పింది లేదు. "ముత్తవ్వ వెన్ను చూపదు" అని మీ క్లబ్బు పెద్ద ఎహసాన్ సాబ్ అంటుంటే నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

నీ బామ్మర్ది,
లింబాద్రి


సూర్,
నవంబరు రెండో వారం

లింబాద్రికి,

నీ చేతులకు దండం పెట్టాలి. వయసులో చిన్నవాడివి గనుక పెట్టను.

మొదటి ఆట అయింది. ఎహసాన్ ఓడ నుంచి గుండు వచ్చి డెక్కు మీద పడి టప్పున ఎగిరిపోయింది. డెక్కుకు గీత తప్ప ఏమీ కాలేదు. పోయిన ఏడు ఇదే దెబ్బకు సగం పైఅంతస్తు నీళ్లపాలైంది. ఆట అయ్యాక ఎహసాన్ ఆ గూడును ఎండకు ఎత్తిపట్టి, అటు తిప్పి ఇటు తిప్పి, ఎవరు చేశారని అడిగాడు. లాహోర్‌లో ఇంజను భాగాలు చేసే ఇంట్లో పుట్టినవాడు, ఊరికే మెచ్చుకోడు. మా బామ్మర్ది అని చెప్పాను. చెప్పేటప్పుడు నా ఛాతీ ఎంత పొంగిందో నీకు తెలియనివ్వను.

కొన్ని మాత్రం పోయాయి, పంపుతున్నాను. ఎడమవైపు గూడు కింది అల్యూమినియం పట్టీ వంగింది. ఆ పక్క రెయిలింగు ఊడింది. గౌహర్ ఓడ వచ్చి పక్కన గుద్దేసింది. ఇంకొంచెం మందంగా చేస్తే బాగుంటుంది.

వ్యాన్‌లోనే వెళ్లివచ్చాను. కారు గ్యారేజీలో ఉంది. రాజేశ్వరి ఎప్పటిలాగే "గీ వయసుల నీళ్లల్ల ఆటలేంది" అని సాగనంపింది.

మల్లేశం


వాడి కబీర్,
నవంబరు చివర

బావకు,

పట్టీ వంగిందంటే నాకు అన్నం సహించలేదు. షీటు కోసేటప్పుడు బ్లేడు వేడెక్కి ఎడమ ముక్క పెళుసెక్కిందేమో, బోల్టు రంధ్రం అంచుకు దగ్గరగా వేశానేమో అని తిప్పి తిప్పి చూశాను. తప్పు దొరకలేదు. అయినా తప్పు నాదే అనుకుని ఎడమవైపువన్నీ మళ్లీ చేశాను. పట్టీ ఇప్పుడు స్టీలు. రెయిలింగు కింద రబ్బరు వేశాను. దీంతో ఎడమ పక్క బరువెక్కింది, ఓడ ఒరుగుతుంది. కుడివైపు లోపల సీసం బిళ్ళ అతికించుకో.

కారు ఇంకా గ్యారేజీలోనే ఉందా?

లింబాద్రి


సూర్,
డిసెంబరు మధ్యలో

లింబాద్రికి,

పరువు పోయింది. ఎవరైనా చెప్పి నీకు తెలిసేకంటే నేనే రాస్తే మంచిది.

మాకొక ఆచారం ఉంది. ఆట మొదలయ్యే ముందు ఎహసాన్ ఒక చిన్న గొట్టం ఓడ పక్కకు ఆనించి, పైనుంచి స్టీలు గుండు వదులుతాడు. బాల్సా చెక్కను చీల్చుకుని గుండు లోపల పడాలి. పడితేనే ఓడ నీళ్లలోకి దిగుతుంది. పైసామాను ఎంత గట్టిగానైనా చేసుకోవచ్చు, పక్కలు మాత్రం దెబ్బ తినేలా ఉండాలి. మునిగే భయం లేని ఓడతో ఆడేది ఆట కాదని ఆయన మాట.

కుడివైపు వదిలాడు, పడింది. ఎడమవైపు వదిలితే గుండు ఎగిరి ఆయన చెప్పుల దగ్గర పడింది. మళ్లీ వదిలాడు, మళ్లీ ఎగిరింది. ఎహసాన్ గోటితో గీరి వాసన చూశాడు. రెజిన్. ఆరితే రాయిలా గట్టిపడే జిగురు. ముత్తవ్వను తువ్వాలలో చుట్టి నా చేతికిచ్చాడు. అంటే ఆ రోజుకు ఇంటికి పొమ్మని.

నేను పొద్దున లేస్తే ఫైబర్ పడవలకు రెజిన్ పూసి మాట్లు వేసేవాణ్ణి. చెక్క కనిపిస్తే చెయ్యి బ్రష్ మీదికి పోతుంది. అలవాటులో పూసేశాను. అందరికీ అదే చెప్పాను. నమ్మారో లేదో. ఫిబ్రవరి పెద్ద ఆటకు రానిస్తామన్నారు, ఇంకోసారి ఇలా జరిగితే మాత్రం ముత్తవ్వ పేరు కొట్టేస్తారు.

స్టీలు పట్టీ కూడా వంగింది, పంపుతున్నాను. అంతకుముందు ఆటలో వంగింది.

మల్లేశం


వాడి కబీర్,
డిసెంబరు చివర

బావా,

నీ ఉత్తరం చదివి డబ్బా తెరిచాను. తర్వాత, ఎండకు వంగినవి పక్కన పెట్టి, నువ్వు ఇప్పటిదాకా పంపినవాటిలో దెబ్బ తిన్నవన్నీ బల్ల మీద ఓడ ఆకారంలో పేర్చాను. ప్లాస్టిక్‌వి, పాలీకార్బొనేట్‌వి, అల్యూమినియంవి, స్టీలువి. నా బల్ల మీద సగం ఓడే తయారైంది. ఎడమ సగం. కుడివైపుది ఒక్క ముక్క కూడా లేదు.

సరుకు నాలుగు రకాలు మారింది. మారనిది ఒకటే, దెబ్బ పడే చోటు. ముత్తవ్వ వెన్ను చూపదు గనుక దాని ఎడమే ఎప్పుడూ నీ ఎడమ. గౌహర్ ఓడ పక్కనుంచి వచ్చి గుద్దిందని రాశావు. ముప్పై అడుగుల తొట్టిలో అంత పెద్ద ఓడ వస్తుంటే నువ్వెందుకు తప్పుకోలేదు?

రెజిన్ అలవాటులో పూశానన్నావు. అలవాటైతే రెండు పక్కలా పూసేవాడివి.

బావా, నీ ఎడమ కన్ను ఎలా ఉంది? కారు నిజంగా గ్యారేజీలో ఉందా, లేక నువ్వే నడపడం మానేశావా?

లింబాద్రి


సూర్,
జనవరి మొదటి వారం

శ్రీ లింబాద్రి గారికి,

నేను షీటు సంగతి అడిగాను. కంటి సంగతి అడగలేదు.

ఇన్నాళ్లూ చేసి పంపినందుకు కృతజ్ఞతలు. ఇకమీదట సామాను పంపనవసరం లేదు. సూర్‌లో కూడా వర్క్‌షాపులున్నాయి.

ఇట్లు,
మల్లేశం


వాడి కబీర్,
జనవరి రెండో వారం

మల్లేశం గారికి అని రాద్దామని చూశాను. చేయి రాలేదు. బావా,

నీకు కోపం వస్తుందని తెలిసే రాశాను. నన్ను గారు అన్నావు చూడు, తిట్టినా అంత నొప్పి ఉండేది కాదు. అయినా అడిగిన మాట వెనక్కి తీసుకోను.

నాకు ఈ దేశంలో మొదటి ఏడాది గుర్తుంది. సైట్ మీద పని, రూమ్‌లో పడుకునే జాగా కోసం పోట్లాట. నువ్వు సూర్ నుంచి వచ్చి, మా ఫోర్‌మన్‌తో మాట్లాడి, నన్ను ఈ వర్క్‌షాప్‌లో పెట్టించావు. చేతిలో పని ఉంటే ఎక్కడైనా బతుకుతావన్నావు. ఆ చేతులతో నీకు ఉపయోగపడే అవకాశం మొదటిసారి ముత్తవ్వ వల్ల వచ్చింది. నీ కోసం ఏదైనా కోస్తాను, ఏదైనా వంచుతాను. కానీ కన్ను కనపడకపోతే దానికి అడ్డం పెట్టే షీటు మా వర్క్‌షాప్‌లో లేదు. ఏ వర్క్‌షాప్‌లోనూ లేదు.

నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్లకపోతే వెళ్లు. వెళ్లి ఉంటే ఏమన్నాడో అక్కకు చెప్పు. ఈ నెలాఖరులోగా నువ్వు చెప్పకపోతే నేనే ఫోన్ చేసి చెప్తాను. అప్పుడు నన్ను గారు అను, సార్ అను, నీ ఇష్టం.

నీ బామ్మర్దే,
లింబాద్రి


సూర్,
జనవరి చివర

లింబాద్రీ,

చెప్పాను.

పోయిన వేసవిలోనే తెలిసింది. నీటికాసులు అన్నాడు డాక్టరు. కంట్లో ఒత్తిడి పెరిగి, ఎడమ పక్క చూపు కొంత పోయింది. పోయింది తిరిగి రాదట. చుక్కలు వేసుకుంటూ ఉంటే ఉన్నది నిలుస్తుందట. ఎదుట ఉన్నది బాగానే కనిపిస్తుంది, రాయగలను, చదవగలను. పక్కనుంచి వచ్చేదే తెలియదు. ఒకరోజు రోడ్డు మీద ఎడమనుంచి సైకిలు మీద వచ్చే మనిషి దాదాపు నా కారు కింద పడబోయాడు. ఆ రోజే తాళం చెవి అల్మారాలో పెట్టేశాను. చుక్కల సీసా షెడ్డులో రెజిన్ డబ్బాల వెనక దాచి వేసుకుంటున్నాను.

ఎందుకు దాచానంటే భయంతో. పని పోతుందని కాదు, మాట్లు వేయడం ఎదుట చూసి చేసే పనే. ముత్తవ్వ చేజారుతుందని. ఈ దేశంలో ఇన్నేళ్లలో నన్ను నలుగురు ఏదో ఒక పనిలో గొప్పవాడన్నారంటే ఆ తొట్టి దగ్గరే. నీ షీట్లు గట్టిగా ఉంటే నా కన్ను లోపం బయటపడదనుకున్నాను. చివరికి చెక్కకు కూడా రెజిన్ పూశాను. అది అలవాటు కాదు, నువ్వన్నది నిజం.

మీ అక్క అరవలేదు. అరిస్తే బాగుండేది. "ఇన్ని దినాలు నీ ఎడమ దిక్కు కూసొని అన్నం వెట్టిన. నేను గూడ కనవడలేదా నీకు?" అంది.

ముత్తవ్వను గౌహర్‌కు ఇచ్చేద్దామనుకుంటున్నాను. వాడి చేతిలో బాగా ఆడుతుంది. నీ సామాను దాని మీదే ఉండనిస్తాను.

నిన్ను గారు అన్నందుకు సిగ్గుపడుతున్నాను.

మీ బావ


వాడి కబీర్,
ఫిబ్రవరి మొదటి వారం

బావా,

ఉత్తరం చదువుతుంటే మేస్త్రీ వచ్చి ఎవరైనా పోయారా అని అడిగాడు. లేదు, దొరికారు అన్నాను.

గౌహర్‌కు ఇవ్వకు. నీకు చెప్పకుండా ఎహసాన్ సాబ్‌కు ఫోన్ చేశాను, తిట్టాలనుకుంటే తర్వాత తిట్టు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన, ఆ కన్నుతో ఇన్నాళ్లూ మా అందరినీ ముంచాడా అన్నాడు. అది కోపమేమో అని భయపడ్డాను. కాదు బావా, ఆశ్చర్యం. రిమోట్ పట్టుకున్నవాడి పక్కన ఒక మనిషి నిలబడి ఏ ఓడ ఎటునుంచి వస్తున్నదో చెప్పొచ్చట. నియమాల్లోనే ఉందట. ఇన్నేళ్లలో ఎవరికీ అవసరం పడలేదంతే.

ఆ మనిషిని నేనే అవుదామనుకున్నాను. కానీ కంపెనీ నన్ను ఆ వారమంతా సలాలా సైట్‌కు పంపుతోంది, కొత్త మాల్ బోర్డు. బతిమాలినా వినలేదు. నీ ఎడమ పక్కన నిలబడడానికి గౌహర్‌నో ఇంకొకర్నో అడుగు.

కొత్త సామాను పంపుతున్నాను. ఈసారి ఎడమ, కుడి ఒకే మందం. సీసం బిళ్ళ తీసెయ్.

లింబాద్రి


సూర్,
ఫిబ్రవరి చివర

బామ్మర్ది లింబాద్రికి, మీ బావ కెప్టెన్ మల్లేశం రాసేది.

గౌహర్‌ను అడిగాను. తన ఓడ తనకుంది, శత్రువుకు ఎలా సాయం చేయనన్నాడు. న్యాయమే. అయితే ఎవరూ లేకుండానే దిగుతానని వ్యాన్ ఎక్కబోతే, మీ అక్క తాళం వేసి, బ్యాగు భుజాన వేసుకుని ముందే ఎక్కి కూర్చుంది. ఇన్నేళ్లలో ఆ తోట గడప తొక్కని మనిషి.

గట్టు మీద ఎహసాన్ ఇచ్చిన కళ్లద్దాలు తలకొంగు మీదుగానే పెట్టుకుని వచ్చి నా ఎడమ పక్కన నిలబడింది. ఇదంతా నీకు తెలియని ఆట అని చెప్పబోయాను. "పెండ్లినాడు అయ్యగారు నన్ను నీ ఎడమ దిక్కే కూసోవెట్టిండు. గిది నా జాగనే. నువ్వు నీ ఓడను జూస్కో" అంది. గుండు పరీక్ష రెండు పక్కలా నెగ్గాం. ఎహసాన్ నా భుజం తట్టాడు.

ఇక ఆట చెప్తాను విను. మీ అక్క గొంతు నీకు తెలుసు కదా. నల్లది వస్తున్నది, ఆగు, ఇంకింత దగ్గరికి రానీ, ఇప్పుడు వెనకకు గుంజు అని అంతా మన భాషలో. చుట్టూ ఉన్నవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రహస్య సంకేతాలు అనుకున్నారట. కూరగాయల బండివాడు త్రాసు వంచితే దూరం నుంచే పసిగట్టే కళ్లు ఆమెవి. గౌహర్ ఓడ ఎప్పటిలాగే ఎడమనుంచి గుద్దడానికి వచ్చింది. ఆమె చెప్పిన క్షణానికి వెనక గేరు వేశాను. వాడి ఓడ నా ముందునుంచి దాటిపోతుంటే నింపాదిగా చిల్లులు పొడిచాను. చివరికి నేనూ ఎహసానూ మిగిలాం. ఆయన ఓడ ముందు మునిగింది. లోపలికొచ్చే నీళ్లు తోడుతూ నా పంపు గసపెడుతూనే ఉంది, ముత్తవ్వ తేలుతూనే ఉంది.

మా ఆచారం ప్రకారం ముంచినవాడే నీళ్లలో దిగి మునిగిన ఓడను ఎత్తి దాని యజమాని చేతికివ్వాలి. తొట్టి అడుగు పాచిపట్టి జారుతుంది. నేను దిగుతుంటే మీ అక్క చీర కుచ్చిళ్లు దోపుకుని ఎడమ పక్కన తానూ దిగింది. ఇద్దరం కలిసి ఎహసాన్ ఓడను తెచ్చి ఇచ్చాం. ఆయన ఓడను నా చేతి నుంచి తీసుకుని, సలాము మాత్రం ఆమెకు చేశాడు. నాకు కళ్లు చెమర్చాయి. రెండు కళ్లూ.

ఇప్పుడు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చుక్కలు ఆమే వేస్తుంది. సీసా వంటింట్లో ఉప్పుడబ్బా పక్కన ఉంటుంది.

డబ్బాలో విరిగిన సామాను పంపుతున్నాను. తెరిచి కంగారుపడకు. ఎడమవైపుది ఒక్కటీ పోలేదు, నీ పాలీకార్బొనేట్ కొత్తదానిలా మెరుస్తున్నది. పోయినవన్నీ కుడివైపువి. గూడు, పట్టీ, రెయిలింగు అన్నీ. సరుకులో తప్పు లేదు, మళ్లీ ఇదే మందంతో చెయ్యి.

కుడివైపు బాగా కనపడే కన్ను ఉండగా ఆ పక్క ఎందుకు దెబ్బతిన్నదని అడుగుతావు. మీ అక్క నిలబడింది నా ఎడమన కదా, తల పూర్తిగా అటు తిప్పితే తప్ప ఆమె నాకు కనపడదు. ఆటంతా నేను అటే తిరిగి ఉన్నాను.

మీ బావ,
మల్లేశం